ఉత్తరం గుర్తు

బ్రాడీపేట నాలుగో లైనులో
ప్లాన్లు గీసేవాడు ఆరువేలడిగాడు.
ఆరువేలంటే ఐదు బస్తాల తవుడు.
నా చావిడి నేనే గీసుకుంటానన్నాను.
నవ్వి, ఫ్యాను వేగం పెంచుకున్నాడు.

నారాకోడూరు సెంటర్లో గళ్ల కాగితాలు కొన్నాను.
మా చిన్నది వదిలేసిన జామెట్రీ పెట్టె దులిపాను.
వృత్తలేఖిని ముల్లు విరిగిపోయింది.
కోణమానిని మీద ఎవరో కుర్రాడి పేరు,
గీకి, మళ్లీ కొట్టేసి ఉంది.
నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడడిగి ఏం లాభం.

ముందు గొడ్డును కొలవాలి, తర్వాతే గోడను.
ముత్యాలు మూతి నుంచి తోక మొదలు దాకా
ఎనిమిదడుగుల రెండంగుళాలు.
పడుకుంటే ఎంత చోటు,
లేవబోతూ ముందుకి ఎంత తోసుకొస్తుంది,
ఈగ వాలితే తల విసిరి
కొమ్ము ఎంత దూరం తిప్పుతుంది,
ఆ లెక్కలు కూడా రాసుకున్నాను.
బూడిదమచ్చదానికి టేపంటే బెదురు.
దాన్ని మూరలతో కొలిచాను, వీపు నిమురుతున్నట్టు.
తూర్పు గోడ నిండుగా, పడమటిది నడుం దాకే.
మా ఊళ్లో జల్లు ఎటు నుంచి కొడుతుందో
తడిసినవాళ్లకి తెలుసు.

సచివాలయంలో ప్లానింగు కుర్రాడు, పేరు యెహోషువ,
మంచివాడే, కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"ఉత్తరం కిందికి పెట్టావేంటి పెద్దమ్మా?"
నేను గీసింది మా దొడ్లో పీట మీద కూచుని.
ఎదురుగా కాలవ, దక్షిణాన.
నేనెటు చూస్తే అదే కదా పైన?
"ఉత్తరం పైనే ఉండాలి."
"ఎవరన్నారు?"
కాసేపు ఆలోచించి, "సిస్టం" అన్నాడు.

మళ్లీ గీశాను. తల్లకిందులుగా
నా స్థలం నాకే కొత్తగా కనిపించింది,
అద్దంలో చూసుకుంటూ పాపిట తీసుకున్నట్టు.

అడంగల్లో ఇంకా మా మామగారి పేరే.
ఆయన పోయి పదకొండేళ్లు.
ఆయన్ని తప్ప అన్నీ తీసుకెళ్లాను.
పక్కచేను మస్తాన్‌వలి అభ్యంతరం లేదని సంతకం చేశాడు.
ఏటా రెండు ట్రక్కుల పేడ తనకే వెయ్యాలన్నాడు,
అది కాగితంలో రాయలేదు.

మూడోసారి కంప్యూటరు ముందు కూచోబెట్టుకుని
గళ్లు నింపాడు యెహోషువ.
"గదులెన్ని?" ఒకటి.
"మరుగుదొడ్లు?"
నేను అతని వంక, అతను నా వంక.
సున్నా అని కొట్టాడు.
"నివసించేవారి సంఖ్య?"
"ఐదు. ముత్యాలు సూడిది. ఐదున్నర వెయ్యి బాబూ."
"అర పడదు పెద్దమ్మా."
నవ్వలేదు. నొక్కి చూశాడు కూడా, నిజంగా పడలేదు.
గీసినవారు అన్న చోట
బత్తుల అంకమ్మ అని రాశాను.
డ్వాక్రా బుక్కుల్లో ఎన్నోసార్లు రాసిన పేరే.
చెయ్యెందుకో కుదురుగా నడవలేదు.

తర్వాత ఎదురుచూడ్డం.
ఫోను మోగితే, పాలకేంద్రంవాళ్లు, వెన్నశాతం తగ్గిందని.
వాయుగుండం పట్టిన రెండో రాత్రి
మిర్చి విత్తనాల ఫ్లెక్సీ పైన కట్టి
దాని కింద ముత్యాలు ఈనింది.
పెయ్య.
లాంతరు నేనే పట్టుకుని, చెయ్యి నేనే వేశాను.
ఫ్లెక్సీ మీద ఎర్రటి కాయలు వానకి ఊగుతుంటే
అది నాలుగుసార్లు పడి, ఐదోసారి నిలబడింది.

పదిహేడు రోజులకు అనుమతి వచ్చింది,
గుండ్రటి ముద్రతో, ఐదింటికి.
ఆరోదాన్ని ఎక్కడ కట్టాలో అందులో లేదు.
దారి అని గీసిన చోట పెన్సిలుతో
చిన్న చదరం వేసుకున్నాను.
ఎవరికీ చూపించలేదు.

ముగ్గుపిండి, తాడు, నాలుగు పుల్లలు పట్టుకుని
స్థలంలో నిలబడ్డాను.
కాగితం చూస్తే కాలవ నా వెనక్కి పోతోంది.
కాలవ చూస్తే కాగితం కుదరడం లేదు.
అటూ ఇటూ ఎవరూ లేరు, పెయ్య తప్ప.
కాగితాన్ని తల్లకిందులు చేశాను.
ముద్ర తిరగబడింది, నా పేరూ తిరగబడింది,
ఎదురుగా కాలవ.
గునపం అందుకున్నాను.